మాట కుర్రవాడిది, వెసులుబాటు పెద్దలది

పాఠశాల వ్యాయామశాలలో ఒక బల్ల. దాని మీద మూడో నాలుగో టోపీలు, ఒక్కోదాని మీద ఒక్కో విశ్వవిద్యాలయం చిహ్నం. బల్ల వెనుక పదిహేడేళ్ల కుర్రవాడు, అతని పక్కన తల్లిదండ్రులు, ఎదురుగా కెమెరాలు. అతను ఒక టోపీ అందుకుని తలకు పెట్టుకోగానే కేరింతలు మిన్నంటుతాయి. అమెరికాలో హైస్కూలు ఫుట్‌బాల్ ఆటగాడు తాను ఏ కళాశాల జట్టులో చేరబోతున్నాడో లోకానికి చెప్పే తీరు ఇది. అక్కడి వాడుకలో దీని పేరు ‘కమిట్‌మెంట్’, అంటే మాట ఇవ్వడం. ఇంత ఆర్భాటంగా ఇచ్చిన ఆ మాటకు చట్టం దృష్టిలో విలువ లేదు. ఆటగాడు మనసు మార్చుకోవచ్చు, విశ్వవిద్యాలయమూ వెనక్కి తగ్గవచ్చు. అయినా నలుగురిలో నిలబడి మాట ఇచ్చేది మాత్రం ఒక్క కుర్రవాడే.

ఇది సాకర్ కాదు, కోడిగుడ్డు ఆకారపు బంతితో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. తెలుగు విద్యార్థులు ఎం.ఎస్. కోసం వెళ్లే టెక్సస్ ఏ అండ్ ఎం, ఆరిజోనా స్టేట్ వంటి విశ్వవిద్యాలయాలకు అమెరికన్ల ఇళ్లలో గుర్తింపు తెచ్చేది చాలావరకు ఈ ఆటే. డాలస్ శివారు ఆలెన్‌లో ఒక హైస్కూలు జట్టు కోసం 18 వేల మంది పట్టే స్టేడియం కట్టారు. ఇంత జనాదరణ, ఇంత ధనం ఉన్న ఆటకు మనుషులను సమకూర్చే ప్రక్రియ మాత్రం చాలాకాలం నోటిమాటల మీదే నడుస్తుంది. హైస్కూలు చివరి సంవత్సరం ఆగస్టు 1 వరకు లిఖితపూర్వకంగా స్కాలర్‌షిప్ ఇవ్వజూపడానికి జాతీయ కళాశాల క్రీడాసంఘం ఎన్‌సీఏఏ నిబంధనలు ఒప్పుకోవు. సంతకాల ఘట్టం ఒకప్పుడు ఫిబ్రవరిలో ఉండేది. 2017 నుంచి డిసెంబరులోనూ సంతకం చేసే వీలు కలగడంతో ప్రధాన ఘట్టం అక్కడికి మారింది. 1964 నుంచి చలామణిలో ఉన్న ‘లెటర్ ఆఫ్ ఇంటెంట్’ అనే పత్రాన్ని 2024లో రద్దు చేశారు.

ఈ తంతుకు ఎంత మోజు ఉందో 2008లో నెవాడాలోని ఫర్న్‌లీలో తేటతెల్లమైంది. అక్కడ ఒక హైస్కూలు ఆటగాడు కిక్కిరిసిన సభలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాన్ని ఎంచుకున్నట్టు ప్రకటించాడు. నిజానికి ఏ విశ్వవిద్యాలయమూ అతన్ని పిలవలేదు. ఆ అబద్ధాన్ని చూసి దేశం నవ్వుకుంది. పిలుపు రాని కుర్రవాడు వచ్చినట్టు నటించాల్సినంత ఒత్తిడి ఎక్కడ పుట్టిందన్నది అసలు అడగవలసిన ప్రశ్న.

కుర్రవాళ్లు దేన్ని చూసి ఎంచుకుంటారు? ఇంటికి దూరం, మైదానంలోకి దిగే అవకాశం, చదువు, డబ్బు అన్నీ లెక్కలోకి వస్తాయి. అయితే చాలామంది అన్నిటికన్నా ముందు చూసేది కోచ్‌ను. ఇంటికి వచ్చి, తల్లితో మాట్లాడి, ‘మీవాణ్ణి నేను చూసుకుంటా’నని నమ్మకం కలిగించేది ఆయనే. 2021 చివరలో లింకన్ రైలీ ఓక్లహోమాను వదిలి సదరన్ కాలిఫోర్నియాకు, బ్రయన్ కెల్లీ నోటర్‌డామ్‌ను వదిలి లూయిజియానా స్టేట్‌కు రోజుల వ్యవధిలో తరలిపోయారు. వారిని నమ్మి మాట ఇచ్చిన కుర్రవాళ్ల దారి వారే వెతుక్కోవలసి వచ్చింది. 2023లో జింబో ఫిషర్‌ను కోచ్ పదవి నుంచి తప్పించినందుకు టెక్సస్ ఏ అండ్ ఎం చెల్లించడానికి ఒప్పుకున్న మొత్తం ఏడున్నర కోట్ల డాలర్లకు పైమాటే. కోచ్‌కు ఒప్పందం ఉంది, ఏజెంటు ఉన్నాడు, పొమ్మన్నా పరిహారం ఉంది.

డబ్బు బహిరంగమయ్యాక కూడా ఈ అసమానత తొలగలేదు. 2021 జూన్‌లో ఆల్‌స్టన్ కేసులో సుప్రీంకోర్టు ఏకగ్రీవ తీర్పు ఎన్‌సీఏఏ గుత్తాధిపత్యాన్ని తప్పుబట్టింది. మరుసటి నెల నుంచి ఆటగాళ్లు తమ పేరు, రూపం మీద సంపాదించుకునే వీలు వచ్చింది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ కేసు రాజీతో, మొదటి ఏడాది ఒక్కో విశ్వవిద్యాలయం తన క్రీడాకారులందరికీ కలిపి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు నేరుగా చెల్లించవచ్చు. కానీ బేరమాడే కుర్రవాడు ఇప్పటికీ ఒంటరే. ఫ్లోరిడాను ఎంచుకున్న క్వార్టర్‌బ్యాక్ జేడెన్ రషాడా, తనకు కోటీ 30 లక్షల డాలర్లకు పైగా ఇస్తామని నమ్మించి మాట తప్పారని ఆరోపిస్తూ 2024లో ఆ జట్టు కోచ్ మీద, మరికొందరి మీద దావా వేశాడు. న్యాయస్థానం సంగతి ఎలా ఉన్నా, అంత పెద్ద వ్యవహారంలో ఒక హైస్కూలు విద్యార్థి పక్షాన నిలిచే వ్యవస్థ లేదన్నది కాదనలేని నిజం.

అభిమానుల ఆగ్రహం మాత్రం కుర్రవాళ్ల మీదే. 2024 జనవరిలో లూయిజియానా స్టేట్‌కు మాట ఇచ్చిన బ్రైస్ అండర్‌వుడ్ నవంబరులో సొంత రాష్ట్రమైన మిషిగన్‌కు మారాడు. ఇలా మారడాన్ని ‘ఫ్లిప్’ అంటారు. కండువాలు మార్చే నాయకులను నిత్యం చూసే మన పాఠకులకు ఇది ఫిరాయింపులా తోచవచ్చు, కానీ ఆ పోలిక నిలవదు. ఫిరాయించే నాయకుడు ఓటరు ఇచ్చిన తీర్పును వెంట తీసుకుపోతాడు. ఈ కుర్రవాడు తీసుకుపోయేది తన శరీరాన్ని, తన భవిష్యత్తును మాత్రమే. కళాశాల నుంచి వృత్తి క్రీడలోకి చేరేవారు నూటికి ఇద్దరు కూడా ఉండరు.

కోచ్‌ల వాదనలోనూ పస ఉంది. నేడు ఆటగాళ్లు ఏటా జట్టు మారగలరు, ఎక్కువ డబ్బు ఉన్న విశ్వవిద్యాలయం ఇతరుల శ్రమను కొనుక్కోగలదు. అయితే ఈ స్వేచ్ఛ వల్ల అందరికీ మేలు జరగడం లేదు. అనుభవమున్న ఆటగాడు వేరే కళాశాల నుంచి దొరుకుతున్నప్పుడు హైస్కూలు కుర్రవాడికి చోటు తగ్గుతుంది. లాభం కొద్దిమంది తారలది, నష్టం పేరు తెలియని వందలమందిది.

మరి స్థిరత్వం ఎలా వస్తుంది? 2025లో ప్రతినిధుల సభలో ప్రవేశపెట్టిన ‘స్కోర్’ బిల్లు చూపే దారి వేరు. అది క్రీడాసంఘానికి గుత్తాధిపత్య నిరోధక కేసుల నుంచి రక్షణ ఇస్తుంది, ఆటగాళ్లను ఉద్యోగులుగా గుర్తించకుండా అడ్డుపడుతుంది. నిలకడ కావాలనుకునేవారు కట్టుబాటును ఒకవైపే ఎలా కోరతారు? వృత్తి క్రీడలో ఆటగాళ్ల సంఘం, యాజమాన్యం కూర్చుని రాసుకున్న ఒప్పందం ఇద్దరినీ బంధిస్తుంది, జట్టు మారే నియమాలు కూడా అందులోనే ఉంటాయి. కళాశాల ఆటగాళ్లకూ ఆ సమష్టి బేరసారాల హక్కు ఉండాలి. హైస్కూలు దశలో అందే ప్రతి ప్రతిపాదనా ఎన్నేళ్లకు, ఎంతకు, కోచ్ వెళ్లిపోతే ఏమిటి అన్న వివరాలతో రాతపూర్వకంగా ఉండాలి. సంతకానికి ముందు విశ్వవిద్యాలయంతో సంబంధం లేని న్యాయవాది దాన్ని చదివి ఆ కుటుంబానికి వివరించాలి. కాంగ్రెస్ చట్టమే చేయదలచుకుంటే మొదట చేయవలసింది ఇది. అంతవరకు మనసు మార్చుకున్న పదిహేడేళ్ల కుర్రవాణ్ణి నమ్మకద్రోహి అనే హక్కు ఆ విశ్వవిద్యాలయాలకు లేదు.