మూడో కొండ ఎక్కడ?

చదరంగం బల్ల మీద మొదటి గడికి ఒక గింజ, రెండోదానికి రెండు, మూడోదానికి నాలుగు... ఇలా రెట్టింపు చేస్తూ రాజుగారిని ధాన్యం అడిగినాయన కథ మీకు తెలిసిందే. 64 గళ్ళూ నిండేసరికి మొత్తం గింజలు 1,84,46,74,40,73,70,95,51,615.

ఈ ఇరవై అంకెలూ మా నాన్నకి కంఠతా వచ్చు. అంకెలు కాదులెండి, పద్యం వచ్చు. మహావీరాచార్యుల సంస్కృత గణితాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన పేరు మీద ప్రచారంలో ఉన్న పద్యం. అందులో అంకెకో మాట. చంద్రుడంటే ఒకటి, వేదాలు నాలుగు, బాణాలు ఐదు, కొండలు ఏడు, ఆకాశం సున్నా. ఒకట్ల స్థానంతో మొదలుపెట్టి ఎడమకి రాసుకుంటూ పోవాలి.

నాన్నకి 84 దాటాయి. ఈమధ్య మరుపు. మొన్న మా అమ్మాయి అడిగితే పద్యం అందుకున్నారు. అది రాసుకుంది. లెక్కపెడితే పంతొమ్మిదే అంకెలు! మళ్ళీ చదివారు. మళ్ళీ పంతొమ్మిదే. ఆయన మొహం చిన్నబోయింది.

ఫోన్ తీస్తే క్షణంలో తేలిపోను. చెయ్యి రాలేదు. చిన్నప్పుడు ఆయన నేర్పిన తొమ్మిదుల లెక్క గుర్తొచ్చింది. ఒకటితో మొదలుపెట్టి రెట్టింపు చేస్తూ, ప్రతిసారీ అంకెల్ని ఒక్క అంకె మిగిలేదాకా కూడితే 1, 2, 4, 8, 7, 5... మళ్ళీ 1. ఇదే వరస. 64 సార్లు రెట్టింపు చేస్తే 7 దగ్గర ఆగుతుంది. మన గింజలు దానికి ఒకటి తక్కువ కాబట్టి 6 రావాలి. అమ్మాయి కాగితం మీది మొత్తం 80, అంటే 8. ఏడు కలిస్తేనే 87, పదిహేను, ఆరు. (జారిపోయింది సున్నానో తొమ్మిదో అయితే ఈ కిటుకుకి తేడా తెలిసేది కాదు. అదృష్టం!)

"నాన్నా, మూడు కొండల్లో ఒకటి పోయింది" అన్నాను. ఏ అంకో తెలిసింది, ఎక్కడో నాకూ తెలీదు. ఆయన కళ్ళు మూసుకున్నారు.

ఈలోగా అమ్మాయికి ఆ సంఖ్య లోపలేముందో చెప్పాను. 3, 5, 17, 257, 641, 65537, 6700417 - ఈ ఏడు ప్రధాన సంఖ్యల్నీ ఒక్కొక్కసారి హెచ్చవేస్తే వచ్చేది అదే. 3 లోంచి ఒకటి తీసి, వర్గం చేసి, ఒకటి కలిపితే 5. అలాగే 17, 257, 65537. తర్వాతది 4294967297. ఈ వరసలో అన్నీ ప్రధాన సంఖ్యలే అని ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641తో భాగించి చూపించాడు. మిగిలిన 6700417 కూడా మన గింజల్లోనే ఉంది.

"సముద్రాలు, వేదాలు... ఆ తర్వాత గిరి!" అన్నారు నాన్న గట్టిగా.

అమ్మాయి నాలుగుకీ ఆరుకీ మధ్య ఏడు ఇరికించింది. చోటు చాలక కొంచెం చిన్నదిగా పడింది.