కూర్చోమనే సలహా

మా అత్తగారు ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చుంటూ ఉంటే, పక్కింటి పిన్నిగారు గుమ్మంలోంచే కేకేశారు. “ఈ వయసులో ఎందుకండీ వదినగారూ ఈ పాట్లు! మోకాళ్లలో ఉన్న కాస్త గుజ్జూ అరిగిపోతుంది. హాయిగా కూర్చోండి.”

హాయిగా కూర్చోవాలట! కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని అనేది మనమే కదా. పొలం పుట్రా దగ్గర ఆ మాట ఠక్కున గుర్తొస్తుంది, తొడ కండ దగ్గరికొచ్చేసరికి ఎవరికీ గుర్తు రాదు. కొండే కరిగేటప్పుడు కండ ఒక లెక్కా? వయసు పెరిగేకొద్దీ అది ఎటూ తగ్గుతుంది, మోకాలు నొప్పని కూర్చుంటే ఇంకా తొందరగా తగ్గుతుంది. మోకాలిని కాసేదే తొడ ముందు కండ. అది సన్నబడితే భారమంతా కీలు మీదే. నొప్పి పెరుగుతుంది, ఇంకాస్త కూర్చుంటాం, ఇంకాస్త కరుగుతుంది.

పోనీ, గుజ్జయినా మిగులుతుందా? దానికి రక్తనాళాలే లేవండీ. కీలులో ఉండే జిగురు ద్రవమే దానికి తిండి. కాలు ఆడుతూ, బరువు పడుతూ లేస్తూ ఉంటేనే ఆ తిండి లోపలికి చేరుతుంది. పైగా ఎక్స్‌రేలో అరుగుదల కనబడ్డ ప్రతివాళ్లకీ నొప్పి ఉండదు, అదొకటి.

పిన్నిగారు అక్కడితో ఆగారా! అత్తగారు చీలమండకి కిలో బరువు కట్టుకోవడం చూసి, “ఆడవాళ్లకి బరువులేంటి, చోద్యం కాకపోతే!” అన్నారు. అప్పుడొచ్చింది నాకు అసలు కోపం. నూతి దగ్గర్నుంచి నీళ్ల బిందెలూ, బియ్యం మూటలూ, చంకలో పిల్లలూ మోసినన్నాళ్లూ ఆ మాట ఒక్కరూ అనలేదే! ఇంటికోసం మోస్తే పనీ, తన మోకాలి కోసం కిలో ఎత్తితే చోద్యమూనా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలందరికీ చెప్పింది, వారానికి కనీసం 2 రోజులు కండబలం పెంచే వ్యాయామం చెయ్యమని. ఆడవాళ్లు తప్ప అని అందులో ఎక్కడా లేదు. బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 2022లో ఇచ్చిన సూచనల్లోనూ కీళ్ల అరుగుదలకి ముందు చెప్పే వైద్యాల్లో వ్యాయామం ఉంది. మొదట్లో కాస్త నొప్పి పెరగొచ్చు, మానకుండా చేస్తే తగ్గుతుందనే వాళ్లూ చెప్పారు.

కిందపడి మోకాలు వాచినా, కాలు మోపలేకపోయినా, కీలు ఎర్రబడి జ్వరం వచ్చినా ముందు డాక్టరు దగ్గరికే వెళ్లాలి, అందులో పేచీ లేదు. మిగతా నొప్పులన్నిటికీ కూర్చోమని చెప్పేవాళ్లని ఒకటే అడుగుతున్నా. రేపు ఆ మనిషి మంచం దిగలేకపోతే, అర్ధరాత్రి చెయ్యిచ్చి బాత్రూంకి నడిపించడానికి మీరొస్తారా?