పరీక్ష పిల్లలకేనా? పాఠం చెప్పే ట్యాబ్‌కు వద్దా?

ఎఫ్‌ఏ, ఎస్‌ఏ అన్న పొడి అక్షరాలు తెలుగునాట పాఠశాలల్లో ఏళ్ల తరబడి నలిగినవే. నిర్మాణాత్మక మూల్యాంకనం, సంగ్రహణాత్మక మూల్యాంకనం అన్నవి వాటి పూర్తి పేర్లు. ఈ విభజనను 1967లో మైకేల్ స్క్రివెన్ ప్రతిపాదించినది పిల్లలకు మార్కులు వేయడానికి కాదు, పాఠ్యప్రణాళికలను తూచడానికి. రూపుదిద్దుకుంటున్న దశలోనే లోపాలను పట్టి సరిదిద్దేది మొదటిది. పూర్తయ్యాక విలువ కట్టేది రెండోది. విచిత్రమేమిటంటే, పాఠం కోసం పుట్టిన ఆ పరీక్షను పిల్లలకు మిగిల్చి, పాఠాన్ని మాత్రం మినహాయించాం.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరు 21న ఎనిమిదో తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది. ఆ విడతలో ఇచ్చినవి 5 లక్షలకు పైమాటే. ఇటువంటి పథకం ఏ ప్రభుత్వానిదైనా చర్చంతా ఎన్ని ఇచ్చారు, ఎంత ఖర్చయింది అన్న లెక్కల చుట్టూనే తిరుగుతుంది. తెరపై ఉన్న పాఠం, ఆట రూపంలోని అభ్యాసం పిల్లల చేతిలో ఎలా నడుస్తున్నాయో తయారీ దశలో ఎవరు చూశారు, చూసి ఏం మార్చారు అన్న ప్రశ్న వినిపించడం అరుదు.

క్లిక్కు నిబంధనతో తేడా

వినోదానికి కాక బోధనకు, శిక్షణకు రూపొందించే ఆటలను సీరియస్ గేమ్స్ అంటున్నారు. వీటిలో చిన్న మార్పు ఫలితాన్ని ఎంతగా మారుస్తుందో బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియా పరిశోధకుల అనుభవం చెబుతుంది. పల్లె బడిలో ఒక్క కంప్యూటరు చుట్టూ పలువురు పిల్లలు చేరితే మౌస్ ఒక్కరి గుప్పిట్లోనే ఉండిపోవడాన్ని వారు గమనించారు. ఒకే తెరపై పలు మౌస్‌లు పనిచేసే ఏర్పాటు చేశారు. 2007లో వెలువడిన వారి అధ్యయనంలో 238 మంది విద్యార్థులకు ఆంగ్ల పదాలు నేర్పారు. ఐదుగురు పంచుకున్నా, ఒక్కరే కూర్చుని నేర్చుకున్నంతగా పదాలు వంటబట్టాయి.

అయితే అసలు విషయం అక్కడితో తీరలేదు. ఒక ఆటలో ముందుగా సరైన జవాబు నొక్కినవారిదే గెలుపు. మరొక ఆటలో అందరూ సరైన జవాబు నొక్కితేనే తెర ముందుకు కదులుతుంది. పదాలు అవే, యంత్రం అదే. పోటీ ఆటలో మగపిల్లలు ఆలోచన మాని క్లిక్కుల మీద పడ్డారు. ఏ పద్ధతిలో ఆడారన్నదాన్ని బట్టి వారు నేర్చుకున్నదీ మారిపోయింది. ఆడపిల్లలలో ఆ తేడా దాదాపు కనిపించలేదు. గదిలో కూర్చుని ఆటను రూపొందించిన నిపుణుడు ఊహించగలిగే సంగతేనా ఇది?

‘బాగుందా’ అంటే బాగుందనే..

పరిశీలన అనగానే ప్రశ్నపత్రం పంచి అభిప్రాయాలు రాబట్టడం మనకు అలవాటు. అది ఎంత నమ్మరానిదో 2012లో నికోలా డెల్ బృందం బెంగళూరులో 450 మందితో చేసిన అధ్యయనం తేటతెల్లం చేసింది. రెండు పరికరాలు చూపి, ఒకటి ప్రశ్నించే వ్యక్తి తయారు చేసినదని నమ్మిస్తే, ఎక్కువ మంది దానివైపే మొగ్గారు. అడిగేది దుభాషీ అవసరమైన విదేశీ పరిశోధకుడైతే ఆ మొగ్గు ఇంకా పెరిగింది. స్పష్టంగా నాసిరకమైనదాన్ని సైతం మెచ్చుకున్నవారున్నారు. ఎదుటివారి మనసు నొప్పించరాదన్న మర్యాద అది. ఇక ఎంఈఓ వచ్చి నిలబడి ‘ట్యాబ్ బాగుందా’ అని అడిగితే ఎనిమిదో తరగతి పిల్లవాడు ఏమంటాడో వేరే చెప్పాలా!

బ్రిటన్ పరిశోధకురాలు జానెట్ రీడ్ పిల్లలకు నవ్వుముఖం బొమ్మలు చూపి అభిప్రాయం అడిగే కొలమానాన్ని రూపొందించారు. చిన్నపిల్లలు దాదాపు ప్రతిదానికీ పెద్ద నవ్వుముఖాన్నే ఎంచుకోవడం కనిపించింది. అందుకే ‘మళ్లీ ఆడతావా’ అని అడిగే పట్టికను కూడా వాడారు. మరో మార్గం, ఇద్దరు స్నేహితులను పక్కపక్కన కూర్చోబెట్టి మౌనంగా గమనించడం. పెద్దల ముందు నోరు విప్పని పిల్లలు తమలో తాము దాచకుండా మాట్లాడుకుంటారు. ఎక్కడ ఆగారు, ఏ గుర్తును తప్పుగా నొక్కారు, ఎప్పుడు విసిగి కిటికీ వైపు చూశారు అన్నవే అసలైన జవాబులు.

ఊరి ఆటల నుంచి..

మాథ్యూ కామ్ బృందం భారతీయ గ్రామీణ బాలలకు డిజిటల్ ఆటలతో చదువు నేర్పే ప్రయత్నంలో తొలుత తడబడింది. తాము చేసిన ఆటలు పిల్లల ఊహలోని ఆటలతో పొసగడం లేదని పరిశీలనలో తేలింది. అప్పుడు ఉత్తర, దక్షిణ భారతాల్లో పిల్లలను అడిగి 28 సంప్రదాయ ఆటల తీరును విశ్లేషించారు. ఆ అవగాహనతో చేసిన కొత్త ఆట పిల్లలను మరింత ఆకట్టుకుందని 2009లో ప్రకటించారు. పిల్లల ముందు విఫలం కావడానికి వెరవని తయారీదారుకే ఈ అవకాశం దక్కుతుంది.

దీనికి కోట్లు అక్కరలేదు. ఐదుగురితో పరీక్షించినా లోపాల్లో అధికభాగం బయటపడతాయని జేకబ్ నీల్సన్ 2000లో వాదించారు. ఐదుగురు చాలరన్న అభ్యంతరాలూ వచ్చాయి. ఏదేమైనా విశాఖ నగర బడిలోని ఐదుగురు, సవర మాతృభాషగా గల మన్యం బడిలోని ఐదుగురు ఒకటి కారు. రెండు చోట్లా విడివిడిగా చూడాల్సిందే.

టెండరు పత్రాల్లో పరికరం సామర్థ్యం, వారంటీ గడువు వివరంగా రాస్తారు. ఏ పిల్లలతో ఎన్ని విడతలు పరిశీలించారు, ప్రతి విడత తర్వాత ఏం మార్చారు అన్న నివేదికను జతచేయాలన్న నిబంధన కూడా చేరాలి. అమ్మేవారి నివేదికనే నమ్మనక్కరలేదు. జిల్లాల్లోని డైట్ కళాశాలల ఛాత్రోపాధ్యాయులకు బోధనాభ్యాసం ఎలాగూ ఉంది. కొనుగోలుకు ముందే రెండు మూడు బడుల్లో వారిని గది మూలన కూర్చోబెట్టి, చూసింది చూసినట్టు రాయమనవచ్చు.