నలభైలో నర్సింగ్ చదువు: అడ్డం వయసా, మనమా?



"ఈ వయసులో మళ్ళీ చదువేమిటండీ? అదీ నర్సింగా?" ఈ మధ్య మనవాళ్ళు నలుగురు చేరిన చోటల్లా వినిపిస్తున్న ప్రశ్న ఇది. ముప్పై అయిదు, నలభై దాటిన ఆడవాళ్ళు, ఇద్దరు పిల్లల తల్లులు, కమ్యూనిటీ కాలేజీల్లో నర్సింగ్ కోర్సుల్లో చేరుతున్నారు. వారిలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. విని మెచ్చుకునేవాళ్ళ కంటే ముక్కున వేలేసుకునేవాళ్ళే నాకు ఎక్కువ కనబడ్డారు. ఇది ఎవరో ఒకరి ఇంటి వ్యవహారమని ఊరుకోదగ్గది కాదనిపించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీరుని. వైద్యరంగంతో నాకు వృత్తిపరమైన సంబంధం లేదు. కానీ మా వదిన డాలస్ దగ్గర ఒక కమ్యూనిటీ కాలేజీలో నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. ఆమె వయసు 41. వాళ్ళింటికి రెండు వీధుల అవతల ఉంటాను కనుక, ఆమెకు ఆసుపత్రి డ్యూటీ ఉన్న రోజుల్లో పిల్లల్ని బడికి దించే పని నాది. ఆ మేరకు ఈ చదువును దగ్గరగా చూస్తున్నాను.

ముందు ఈ ఆలోచన మన ఇళ్ళలోకి ఎందుకొస్తోందో చూద్దాం. 2022 చివర్లో మొదలైన లేఆఫ్‌లు మనలో ఎందరి ఇళ్ళ తలుపు తట్టాయో అందరికీ తెలుసు. 2025 సెప్టెంబరులో, విదేశాల నుంచి కొత్తగా తీసుకునే హెచ్-1బి ఉద్యోగులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటన వచ్చింది. భర్తది సాఫ్ట్‌వేర్, భార్యదీ సాఫ్ట్‌వేరే, లేదా ఒక్కటే జీతం. మన కుటుంబాలు చాలావరకు ఒంటి నిట్టాడి మీద నిలబెట్టిన పాకల్లాంటివి. రెండో నిట్టాడి వేరే రంగంలో ఉంటే బాగుండునని అనుకోవడంలో వింతేముంది? అమెరికా కార్మిక గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2024 మేలో రిజిస్టర్డ్ నర్సుల మధ్యస్థ వార్షిక వేతనం 93,600 డాలర్లు. రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీతో కూడా ఆ లైసెన్సు పరీక్షకు కూర్చోవచ్చు.

అయితే రెండేళ్ళంటే రెండేళ్ళు కాదు. అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ వంటి సబ్జెక్టులు ముందే పూర్తి చేయాలి. చాలా కాలేజీలు అయిదు నుంచి ఏడేళ్ళ లోపు చదివిన సైన్సునే లెక్కలోకి తీసుకుంటాయి. వదిన 2008లో వరంగల్లో చేసిన ఎమ్మెస్సీ అక్కరకు రాలేదు. అన్నీ మొదటినుంచి చదివింది. తర్వాత ప్రవేశ పరీక్ష. చేరాక చాలాచోట్ల 75 శాతానికి అటూ ఇటూ వస్తేనే పాస్. మందుల మోతాదు లెక్కల్లో 90 శాతమో, అంతకంటే ఎక్కువో రావాలి. అక్కడ దశాంశ బిందువు ఒక స్థానం జరిగితే పోయేది మార్కు కాదు, మనిషి. చివరికి ఎన్‌క్లెక్స్ పరీక్ష. 2023 ఏప్రిల్లో మారిన పద్ధతిలో 85 నుంచి 150 ప్రశ్నలు, అయిదు గంటల సమయం. బట్టీ పడితే వచ్చేది కాదు. రోగి పరిస్థితి చెప్పి, ముందు ఏం చేస్తావని అడుగుతారు.

మనకే ప్రత్యేకమైన చిక్కులూ ఉన్నాయి. ఆసుపత్రిలో అడుగు పెట్టే ముందు క్షయ పరీక్ష తప్పనిసరి. చిన్నప్పుడు మనందరికీ ఎడమ భుజం మీద వేసిన బీసీజీ టీకా వల్ల చర్మ పరీక్షలో లేని క్షయ ఉన్నట్టు కనబడవచ్చు. అప్పుడు రక్త పరీక్ష చేయించుకోవాలి. దానిపై బీసీజీ ప్రభావం ఉండదు. ఈ చిన్న సంగతి ముందే చెప్పేవాళ్ళు లేక కంగారు పడినవాళ్ళు ఉన్నారు.

"మొక్కై వంగనిది మానై వంగునా" అని మన సామెత. పందొమ్మిదేళ్ళ పిల్లల పక్కన కూర్చుని వదిన పాసవుతుంటే చూశాక, ఈ సామెత అన్నిచోట్లా చెల్లదని నాకు తెలిసింది. ఆ పిల్లలు మందుల పేర్లు చప్పున గుర్తుపెట్టుకుంటారు. రోగి మొహం చూసి ఏదో తేడాగా ఉందని పసిగట్టడం ఇద్దరు పిల్లల్ని పెంచిన మనిషికి ముందే తెలిసిన విద్య. కనుక అడ్డం వయసు కాదు. నా లెక్కలో అడ్డంకులు మూడు: కాగితం, ఇల్లు, పరువు.

మొదటిది కాగితం. హెచ్-4 మీద ఉన్నవాళ్ళు వీసా మార్చుకోకుండానే చదువుకోవచ్చు. కానీ చదివాక ఉద్యోగం చేయాలంటే ఈఏడీ కావాలి. 2015 మే 26న అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం అది ప్రధానంగా భర్తకో భార్యకో ఐ-140 ఆమోదం పొందినవాళ్ళకే దొరుకుతుంది. ఆ ఆమోదం లేకుండా కోర్సులో చేరితే పట్టా చేతికొచ్చాక ఇంట్లో కూర్చోవలసి రావచ్చు. మామూలు స్టాఫ్ నర్సు ఉద్యోగాలకు హెచ్-1బి సాధారణంగా దొరకదు. "నర్సయితే గ్రీన్ కార్డు వెంటనే వచ్చేస్తుంది" అన్న ప్రచారమూ నిజం కాదు. నర్సులకు లేబర్ సర్టిఫికేషన్ దశ ఉండదన్న మాట వాస్తవమే, కానీ భారతదేశంలో పుట్టినవాళ్ళు ఆ తర్వాత నిలబడేది అదే పొడవాటి క్యూలో.

ఇంకొకటి గమనించాలి. ఇదివరకు గడువులోగా రెన్యూవల్‌కు పెట్టుకుంటే, ఐ-94 గడువుకు లోబడి, పాత ఈఏడీ 540 రోజుల దాకా దానంతటదే పొడిగిపోయేది. 2025 అక్టోబరు 30న, ఆ తర్వాత పెట్టుకున్న దరఖాస్తులకు ఈ వెసులుబాటు తీసేశారు. అంటే రాత్రి డ్యూటీ చేసి వచ్చిన నర్సు, కార్డు రావడం ఆలస్యమైతే మర్నాటి నుంచి డ్యూటీకి వెళ్ళకూడదు. ఆమె పని చేసే వార్డులో రోగులు తగ్గరు, ఒక నర్సు మాత్రం తగ్గుతుంది. ఈ మాట మనం గట్టిగా చెప్పవలసిన చోట చెప్పాలి.

రెండోది ఇల్లు. ఆసుపత్రిలో శిక్షణ ఉన్న రోజు వదిన ఉదయం ఆరు కాకముందే ఇల్లు దాటాలి. పన్నెండు గంటల షిఫ్టు. పెద్దవాడికి పన్నెండేళ్ళు, చిన్నదానికి ఏడు. లంచ్ బాక్సులు, జడలు, హోంవర్కు, జ్వరాలు ఆ రోజున సెలవు తీసుకోవు. అన్నయ్య మొదటి సెమిస్టరులోనే ఆ రెండు రోజులూ ఉదయం పూట ఆఫ్‌షోర్ కాల్స్ పెట్టుకోనని మేనేజరుకు చెప్పేశాడు. పప్పుచారు, గుడ్డు పొరుటు నేర్చుకున్నాడు. దీన్ని మనవాళ్ళు "ఎంత హెల్ప్ చేస్తాడో" అని పొగుడుతుంటే వదిన నవ్వుతుంది. తన ఇంటి పని తాను చేసుకోవడం హెల్ప్ ఎలా అవుతుంది? మనలో చాలామంది మాస్టర్స్ చదివినప్పుడు వండిపెట్టడానికి రూమ్మేట్లు వంతులు వేసుకున్నారు. ఇంట్లో ఇల్లాలు చదువుకుంటే ఆ వంతుల చీటీ మళ్ళీ గోడ మీదికి రావాలి. అది లేని ఇంట్లో ఎంత తెలివైన మనిషైనా రెండో సెమిస్టరు దాటడం కష్టం.

మూడోది పరువు. అసలు ముడి ఇక్కడుంది. వదిన చేరిన సంగతి తెలిసి హన్మకొండ నుంచి మా అమ్మ ఫోన్లో, "ఇంత సదువు సదివి గా బెడ్‌పాన్లు ఎత్తుడేంది బిడ్డా?" అంది. వదిన నెమ్మదిగానే జవాబిచ్చింది: "మామయ్యకు పక్షవాతమొచ్చినప్పుడు మూడేండ్లు ఎత్తింది నేనే గద అత్తమ్మా. అప్పుడు ఎవ్వలు తప్పనలే." అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. అన్నయ్య ఇక్కడికి వచ్చేసిన తర్వాత, 2013 దాకా అక్కడే ఉండి మా నాన్నకు ఆ సేవంతా చేసింది ఆమే. జీతం లేకుండా ఇంట్లో చేస్తే కోడలి ధర్మం. చదువుకుని, లైసెన్సు తెచ్చుకుని, జీతానికి చేస్తే తలవంపు. ఈ లెక్క ఎక్కడిది?

దీని వెనక చరిత్ర ఉంది. మన ప్రాంతంలో నర్సింగ్ శిక్షణ చాలావరకు మిషన్ ఆసుపత్రుల్లో వేళ్ళూనుకుంది. గుంటూరులో డాక్టర్ అనా కుగ్లర్ 1898లో తెరిచిన ఆసుపత్రి వాటిలో పేరున్నది. ఒంటిని, పుండును, నెత్తురును తాకే పని మైల అని పై కులాలు దూరంగా ఉన్న రోజుల్లో, ఆ పనిని చదువుగా నేర్చుకున్నవాళ్ళలో చాలామంది క్రైస్తవ కుటుంబాల, ముఖ్యంగా దళిత క్రైస్తవ కుటుంబాల ఆడపిల్లలు. తెల్లబట్టల సిస్టరమ్మను మన ఊళ్ళలో అవసరానికి పిలిచారు, ఆ తర్వాత మరిచారు. ఆ చిన్నచూపు సముద్రం దాటి మన సబ్‌డివిజన్లకు కూడా వచ్చింది. డాక్టరైతే వేదికనెక్కించి శాలువా కప్పుతాం. నర్సయితే "ఏదో ఆసుపత్రిలో చేస్తోందట" అంటాం. కులం గురించి ఇక్కడ మాట్లాడనక్కర్లేదని అనేవాళ్ళు ఈ రెండు వాక్యాల మధ్య తేడా ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలి.

కేరళ వాళ్ళను చూడండి. 1965 వలస చట్టం తర్వాత మలయాళీ నర్సులు ఎందరో ఈ దేశానికి వచ్చారు. చాలా ఇళ్ళలో భార్య ముందు వచ్చింది, భర్త వెనక వచ్చాడు. ఆ ఒక్క జీతం మీద తమ్ముళ్ళు చదువుకున్నారు, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళయ్యాయి, ఇక్కడ పిల్లలు పైకొచ్చారు. ఆ వృత్తిని మలయాళీ సమాజమూ మొదట్లో తక్కువగానే చూసింది. ఆ ఆడవాళ్ళు పని మానలేదు, అంతే.

డబ్బు, పరువు పక్కన పెట్టి ఇంకో మాట. ఆరు నెలలు ఉండిపోదామని వచ్చిన మన అమ్మానాన్నల్లో ఎవరో ఒకరు ఎమర్జెన్సీ గదిలో పడుకుని ఉంటారు. నొప్పి ఒకటి నుంచి పది లోపు ఎంత అని అడుగుతారు. వాళ్ళు చెప్పేది కాళ్ళు పీకుతున్నాయని, చెయ్యి గుంజుతోందని, కడుపులో మెలిపెడుతోందని, తలలో పోటని, పుండు సలుపుతోందని. వీటిలో ఏ మాటా అంకెలోకి ఇమడదు. ఆ తేడాలు తెలిసిన మనిషి ఆ మంచం పక్కన ఒక్కరున్నా ఎంత ధైర్యమో, ఆ గది బయట కూర్చున్నవాళ్ళకు తెలుసు.

ఇక చేయవలసినవి:

1. మన సంఘాల స్కాలర్‌షిప్‌లు చాలావరకు పిల్లల చదువులకే. హెచ్-4 వాళ్ళకు ఫెడరల్ ఆర్థిక సహాయం దొరకదు. మళ్ళీ కాలేజీకి వెళ్ళే పెద్దవాళ్ళకూ కొన్ని కేటాయించాలి. రెండేళ్ళకోసారి జరిపే మహాసభల ఖర్చులో ఇది ఏ మూలకు?

2. ఒక్కో ఊళ్ళో పరీక్షల వారాల్లో పిల్లల్ని వంతులవారీగా చూసుకునే అయిదారు కుటుంబాలు జట్టు కట్టాలి. ఇప్పటికే పని చేస్తున్న తెలుగు నర్సులు కొత్తవాళ్ళకు దారి చూపాలి.

3. ఈఏడీ పొడిగింపు రద్దు వల్ల ఆసుపత్రులకు కలిగే ఇబ్బందిని వివరిస్తూ మన మన కాంగ్రెస్ సభ్యులకు లేఖలు రాయాలి. ఓటున్నవాళ్ళం ఓటు లేనివాళ్ళ తరఫున రాయాలి.

4. చేరేవాళ్ళు కాలేజీకి గుర్తింపు ఉందో లేదో, ఆ కాలేజీ విద్యార్థులు ఎన్‌క్లెక్స్‌లో ఎంత శాతం పాసవుతున్నారో రాష్ట్ర నర్సింగ్ బోర్డు వద్ద చూసుకున్నాకే డబ్బు కట్టాలి. ఫ్లోరిడాలో మూడు నర్సింగ్ స్కూళ్ళ పేర 7,600కు పైగా దొంగ పట్టాలు అమ్ముడయ్యాయని 2023 జనవరిలో ఫెడరల్ అధికారులు బయటపెట్టారు. దగ్గరి దారులు చూపేవాళ్ళు మన వాట్సాప్ గ్రూపుల్లోనూ ఉంటారు.

నర్సింగ్ అందరికీ సరిపడుతుందని నేననను. నిలబడి చేసే పని; నడుం నొప్పులు, రాత్రి డ్యూటీలు, చావును దగ్గరగా చూడడం ఉంటాయి. కుదరదనుకుంటే ఆమె అనుకోవాలి, ఆమె బదులు మనం అనుకోకూడదు. కాగితం సంగతి వాషింగ్టన్‌లో తేలాలి, దానికి కాలం పడుతుంది. ఇల్లు, పరువు మాత్రం పూర్తిగా మన చేతిలోవే. ఈసారి ఎవరైనా నలభై ఏళ్ళ మనిషి నర్సింగ్‌లో చేరానని చెబితే మనం అడగవలసింది ఒక్కటే: "మీకు ఆసుపత్రి డ్యూటీ ఏయే రోజుల్లో? ఆ రోజు పిల్లల్ని మా ఇంట్లో దింపండి."