స్నేహితుడు అనే హోదా

తెల్ల చొక్కా, మెడకు టై, జేబు మీద నల్లటి పేరుపలక, ఎప్పుడు చూసినా జంటగానే తప్ప ఒంటరిగా కానరాని ఇద్దరు కుర్రవాళ్ళు. లోకంలో చాలా నగరాలకు ఈ దృశ్యం పరిచితమే. మోర్మన్లని అందరూ పిలిచే యేసుక్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం తన యువకులను రెండేళ్ళపాటు మతప్రచారానికి దేశదేశాలకు పంపుతుంది. జీతం లేదు సరికదా, ఖర్చులో వాటా కుర్రవాడో, అతడి కుటుంబమో భరించాలి. ఏ దేశం వెళ్ళాలన్నది అతడు ఎంచుకోడు. పిలుపు వచ్చాకే తెలుస్తుంది. 2012 నుంచి 18 ఏళ్ళకే వెళ్ళవచ్చునన్నారు. ఆ వయసు పిల్లవాణ్ణి ‘పెద్ద’ అనే అర్థమిచ్చే ‘ఎల్డర్’ బిరుదుతో, ఇంటిపేరు జోడించి పిలుస్తారు. అమ్మ పెట్టిన పేరు రెండేళ్ళపాటు అటకెక్కుతుంది.

వీళ్ళను వెక్కిరించడం బహు సుళువు. 2011లో బ్రాడ్వేలో మొదలైన ఒక సంగీత నాటకం ఆ పని చేసి కాసులు దండిగా రాల్చుకుంది. వీళ్ళ చెలిమి అంతా గాలానికి గుచ్చిన ఎర అనేవారికీ కొదవ లేదు. నేను ఆ గుంపులోని వాణ్ణి కాను. పరాయి గడ్డ మీద, కొత్తగా నేర్చిన భాషలో తడబడుతూ, ముఖాన తలుపు వేయించుకుంటూ రెండేళ్ళు తిరిగే కుర్రవాడు కపటి అంటే నా మనసొప్పదు. నా తగవు కుర్రవాడితో కాదు, అతడి చేతిలో పెట్టిన పదకోశంతో.

ఒకప్పుడు వీరి బోధ వినడానికి సమ్మతించిన మనిషిని ‘అన్వేషకుడు’ అనేవారు. కాస్త పొడిమాటే గానీ అందులో నిజాయితీ ఉంది. ఆయన ఏదో వెదుకుతున్నాడు, వీరు ఏదో చూపుతున్నారు, అంతే. కొన్నేళ్ళుగా ఆ మాటను పక్కకు నెట్టి ‘స్నేహితుడు’ అంటున్నారు. వినడానికి ఎంత మెత్తగా ఉంది! కానీ ఆ స్నేహితుడి వివరాలు ఫోనులో నమోదవుతాయి. ఎన్ని పాఠాలు విన్నాడో, ఆదివారం ఆరాధనకు వచ్చాడో లేదో, బాప్తిస్మానికి తేదీ ఇచ్చాడో లేదో వారం వారం పైవారికి చేరుతుంది. బాప్తిస్మం పుచ్చుకుంటే అతడు ‘సభ్యుడు’ అవుతాడు. సరే, వద్దంటే ఏమవుతాడు? దానికి మాట లేదు. స్నేహితుడనేది అక్కడ ఒక హోదా. కాలపరిమితి గల హోదా.

చిత్రమేమిటంటే, ఎవరూ లెక్క కట్టని స్నేహమొకటి ఇదే వ్యవస్థలో పెరుగుతోంది. అది ఆ జంటలోని ఇద్దరి మధ్యది. ఐడాహోలో బంగాళదుంపల రైతు కొడుకునూ, టోంగా ద్వీపపు పిల్లవాణ్ణీ తెచ్చి ఒక గదిలో పెడతారనుకోండి. ఇరవైనాలుగు గంటలూ ఒకరి కంటికి ఒకరు కనబడుతూ ఉండాలి. వంట, చాకిరీ, చదువు, ప్రార్థన, అలకలు అన్నీ ఉమ్మడి. వారానికోసారి ఎదురెదురుగా కూర్చుని తమ మధ్య పొరపొచ్చాలను మాటల్లో పెట్టి తీర్చుకోవాలన్న నియమం కూడా ఉంది. (మన ఉమ్మడి కుటుంబాల్లో ఈ ఒక్క నియమం ఉండి ఉంటే ఎన్ని గోడలు లేవకుండా ఉండేవో!) సాధారణంగా ఆరు వారాలకోసారి బదిలీల జాబితా వస్తుంది. అప్పుడు జంట విడిపోవచ్చు, ఊరూ మారవచ్చు. అయినా అలా కలిసిన వాళ్ళు కొందరు ముసలితనం దాకా స్నేహితులుగా మిగులుతారు. ఈ స్నేహానికి నివేదికలో గడి లేదు. లేదు గనుకనే అది బతికిందని నా వాదం.

ఇప్పుడు వెనుకటి సంగతి చూద్దాం. 1850 డిసెంబరులో, కాలిఫోర్నియా బంగారు గనుల దగ్గరి నుంచి పదిమంది మోర్మన్ ప్రచారకులు హొనొలులులో దిగారు. హవాయి అప్పటికి స్వతంత్ర రాజ్యం. తెల్లవారికి బోధిద్దామని వచ్చినవారికి అక్కడ తెల్లవారు కొద్దిమందే కనబడ్డారు, ఆ కొద్దిమందీ చెవినిడలేదు. పదిమందిలో కొందరు త్వరలోనే తిరుగుముఖం పట్టారు. 23 ఏళ్ళ జార్జ్ కానన్ మాత్రం హవాయి ప్రజల భాష నేర్చుకుంటానని నిలిచాడు. అద్దెకు దిక్కులేని స్థితిలో ఉన్న అతడికీ సహచరులకూ మౌయీ ద్వీపంలోని లహైనాలో నాలిమానుయి అనే స్త్రీ తన ఇల్లు విడిచి ఇచ్చింది. వైలుకులో న్యాయాధికారిగా ఉన్న జొనతన నపెలా ఆదరించాడు. వీరి గ్రంథాన్ని హవాయి భాషలోకి తేవడంలో కానన్ పక్కన కూర్చున్నవాడు నపెలాయే. ఆ అనువాదం 1855లో శాన్ ఫ్రాన్సిస్కోలో అచ్చయింది.

1854లో అదే దీవులకు జోసెఫ్ ఎఫ్. స్మిత్ వచ్చాడు. వయసు 15 ఏళ్ళు. తండ్రి హత్యకు గురయ్యాడు, తల్లి రెండేళ్ళ కిందటే పోయింది. వచ్చీ రాగానే జ్వరాన పడ్డ ఆ అనాథను మహుహీ అనే హవాయి స్త్రీ కన్నబిడ్డలా సాకింది. దశాబ్దాల తరువాత, సంఘానికే అధ్యక్షుడై ఆయన హొనొలులు రేవులో దిగినప్పుడు, చూపు పోయిన ఆ ముసలమ్మ ‘ఇయోసెపా’ అని పిలుచుకుంటూ నాలుగు అరటిపళ్ళు చేతబట్టుకుని వచ్చిందట. ఆయన ఆమెను అమ్మా అని హత్తుకున్నాడని వెంట ఉన్న చార్లెస్ నిబ్లీ రాసిపెట్టాడు.

ఈ రెండు కథల్లోనూ ఇచ్చే చేయి ఊరివాళ్ళది, పుచ్చుకునే చేయి ప్రచారకుడిది. నేడు గది, భత్యం, ఫోను అన్నీ సంస్థే అమర్చి, కుర్రవాణ్ణి ఇచ్చేవాడిగానే నిలబెడుతుంది. అతడి దగ్గర ఎప్పుడూ ఇవ్వడానికి ఒక పుస్తకం ఉంటుంది, పుచ్చుకోవడానికి తీరిక ఉండదు.

ఆ కాలం స్వర్ణయుగమని నేననను. 1861లో హవాయి చేరిన వాల్టర్ మరే గిబ్సన్ అనే ఘనుడు, సభ్యుల సొమ్ముతో లానాయి ద్వీపంలో కొన్న భూమిని తన పేర రాయించుకుని 1864లో సంఘం నుంచి వెలి అయ్యాడు. నమ్మిన జనాన్ని పనిముట్టు చేసుకోవడం నేటి కనిపెట్టుడేమీ కాదు. ఆ నపెలా చివరి రోజులు చూడండి. భార్యకు కుష్ఠు సోకితే, 1873లో ఆమెతోపాటు మొలొకాయి ద్వీపంలోని కలౌపాపాకు నడిచాడు. అక్కడ కథోలిక గురువు ఫాదర్ డేమియన్‌తో చెలిమి చేశాడు. ఒకరినొకరు తమ మతంలోకి లాక్కోలేదు. నపెలాకూ అదే వ్యాధి అంటింది, 1879లో పోయాడు.

మన హైదరాబాదు సంగతీ ఇందుకు సాక్ష్యమే. అక్కడ ఈ మతం వేళ్ళూనింది తలుపులు తట్టిన అపరిచితుల వల్ల కాదు. సమోవాలో ఈ మతం స్వీకరించిన ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ దంపతులు 1978లో స్వస్థలానికి వచ్చి బంధువులకు బోధించగా 22 మంది బాప్తిస్మం పొందారు. బంధుత్వానికి ఉన్న సుగుణమేమంటే, మతం పుచ్చుకోని బావమరిది కూడా బావమరిదిగానే మిగులుతాడు. వచ్చే పెళ్ళికి శుభలేఖ ఆయనకూ వెళ్ళవలసిందే. నేటి ‘స్నేహితుడి’కి ఆపాటి పూచీ కూడా లేదు.

ఒంటరిగా తిరగనివ్వకపోవడం పిల్లల క్షేమం కోసమేనంటారు. ఒప్పుకుంటాను. 2019 దాకా ఏడాదికి రెండుసార్లు మాత్రమే ఇంటికి ఫోను చేయనిచ్చి, ఆ తరువాత వారం వారం మాట్లాడుకోమన్నారు. అదీ మంచిదే. బదిలీలు లేకపోతే ఒకే చోట మమకారాలు పెరిగి పని చెడుతుందన్న వాదం మాత్రం నా గొంతు దిగదు. కానన్ నాలుగేళ్ళు ఆ దీవులను అంటిపెట్టుకుని ఉంటే పని చెడిందా? 1900లో, 73 ఏళ్ళ వయసులో, అర్ధశతాబ్ది ఉత్సవానికి ఆయన మళ్ళీ హొనొలులు వెళ్ళినప్పుడు పాతవాళ్ళు ఎదురువచ్చి పలకరించారు. ఆరు వారాలకోసారి ఊరు మారిన కుర్రవాడి కోసం యాభై ఏళ్ళ తరువాత రేవు దగ్గర ఎవరు కాచుకుని ఉంటారు?

కనుక నేను అడిగేది స్వల్పం. ‘అన్వేషకుడు’ అనే పాతమాటను తిరిగి తెచ్చుకోండి. రెండేళ్ళ గడువులో ఆఖరి వారాన్ని, వద్దన్నవాళ్ళ ఇళ్ళకు వెళ్ళడానికి కేటాయించండి. ఫోను గదిలో పెట్టి, పేరుపలక తీసి జేబులో వేసుకుని, అమ్మ పెట్టిన పేరు చెప్పి, వాళ్ళు వడ్డించింది తిని రానివ్వండి. ఆ వారం నివేదికలో సున్నా వేసుకోండి.