దూకుడు సరే, దెబ్బేదీ?

అయిజ, గద్వాల, వనపర్తి... ఎక్కడైనా సరే, పెళ్లి బరాత్‌కైనా వినాయక నిమజ్జనానికైనా ఇప్పుడు డీజే బండి ఉండాల్సిందే. డీసీఎం వ్యాన్ మీద బాక్సులు పేర్చి, జనరేటర్ పెట్టి, జానపదానికి ఎలక్ట్రానిక్ బేస్ తగిలించి వదులుతారు. దీని మీద మన చర్చంతా చప్పుడు ఎంత అన్న దగ్గరే ఆగిపోతోంది. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటొద్దని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. పసిపిల్లలు, గుండె జబ్బుల వాళ్లు ఉన్న ఇళ్లను తలుచుకుంటే ఆంక్షలు సబబే. సంగీతంగా చూస్తే మాత్రం నా ఫిర్యాదు వేరు. ఆ పాటల్లో దూకుడు ఎక్కువైందని కాదు, ఉండాల్సినంత లేదని.

డప్పు సంగతే తీసుకోండి. మంట దగ్గర కాచి తోలు బిగిస్తారు, చల్లారి వదులైతే మళ్లీ కాస్తారు. ఒక చేతిలో పొట్టి చిర్ర, రెండో చేతిలో సన్నపాటి పొడుగు పుల్ల. చిర్ర బరువుగా పడుతుంటే పుల్ల చిటపటలాడుతుంది. తీన్మార్ ఊపంతా దెబ్బకీ దెబ్బకీ నడుమ వదిలిన జాగాలో ఉంది. కాలు లేచేది అక్కడే. డీజే మిక్స్‌లో ముందు పోయేది ఆ జాగాయే. సన్నటి చప్పుళ్లను కూడా పెద్దవాటి ఎత్తుకు లేపి, సందుల్లో బేస్ కూరుతారు. పైగా ఆంప్లిఫయర్‌ను శక్తికి మించి పెంచేసరికి శబ్ద తరంగాల కొసలు తెగి, గుద్దులా తగలాల్సింది ఉత్త మోతగా మిగులుతుంది. పది డెసిబెల్స్ పెరగాలంటే పదింతల పవర్ కావాలి, చెవికి తోచేది మాత్రం సుమారు రెండింతలే. అద్దె డబ్బులు ఎటు పోతున్నాయో మరి!

కరుకు సంగీతానికి పనితనం ఎందుకు, కోపం చాలదా అంటారు కొందరు. ఫ్యాక్టరీ మోతల్నే పాటగా మలిచిన ఇండస్ట్రియల్ సంగీతాన్ని సాక్ష్యంగా చూపిస్తారు కూడా. 1976లో లండన్‌లో ఇండస్ట్రియల్ రికార్డ్స్ పెట్టిన థ్రాబింగ్ గ్రిసిల్ బృందం శాస్త్రీయ శిక్షణను లెక్కచేయని మాట నిజమే. కానీ అందులోని క్రిస్ కార్టర్ తన పరికరాలను తానే తయారు చేసుకున్న మనిషి. 1980లో బెర్లిన్‌లో పుట్టిన ఐన్‌స్టుర్ట్‌సెండె నాయ్‌బౌటెన్ బృందం డ్రిల్లింగ్ మెషిన్లు, పాత ఇనుము వాయించింది. నిశ్శబ్దం పేరుతో 2000లో ఓ ఆల్బమే తెచ్చింది. నైన్ ఇంచ్ నెయిల్స్ 1994లో తెచ్చిన ‘ది డౌన్‌వర్డ్ స్పైరల్’ ఆల్బమ్‌లో చివరి పాట దాదాపు గుసగుసగా సాగుతుంది కాబట్టే, ఆఖర్న విరుచుకుపడే మోతకు ఒళ్లు జలదరిస్తుంది.

దీనికంటే బరువైన అభ్యంతరం ఒకటుంది. డప్పును మెచ్చుకునే వాళ్లలో చాలామంది దాన్ని కొట్టాల్సిన అవసరం లేనివాళ్లు. చావుకూ చాటింపుకూ డప్పును కులం పేరుతో కొందరి మెడకు తగిలించారు. డీజే బండికి ఆ మరక లేదు. ఒప్పుకోవాల్సిందే, ఎవరూ ఇష్టం లేకుండా డప్పు పట్టనక్కర్లేదు. అయితే 1994లో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం అదే డప్పును ఆత్మగౌరవ గొంతుగా మార్చింది. వెట్టిని కాదన్నారు గానీ, వాయింపులోని నేర్పును వదులుకోలేదు. ల్యాప్‌టాప్ ముందు తమకు తామే మిక్సింగ్ నేర్చుకుంటున్న పల్లె కుర్రాళ్లకు ఆ నేర్పు ఎవరి సొత్తో కాదు. చరణం ముందు నాలుగు దెబ్బల సేపు బేస్‌ను పూర్తిగా ఆపి, తిరిగి ఒక్కసారిగా వదిలి చూడమనండి. అందుకు ఇంకో బాక్సు అద్దెకు తేనక్కర్లేదు.