నల్ల కలర్

మా ఇంట్లో అమ్మది తెలుగు, అప్పాది తమిళం. ఈ రెండు భాషలూ కలిసి చిన్నప్పుడు నన్ను బాగా తికమక పెట్టాయి. మా అత్త కూతురు ఇంటికి వచ్చినప్పుడల్లా పాట్టి దాని గడ్డం పట్టుకుని "నల్ల కలర్" అని మురిసిపోయేది. తమిళంలో నల్ల అంటే మంచి. నాకు తెలిసింది అమ్మ నేర్పిన తెలుగు నలుపు. పాలమీగడలా ఉన్న పిల్లని పట్టుకుని నల్ల కలర్ అంటుందేమిటి, పాట్టికి చూపు తగ్గిందేమో అనుకునేదాన్ని. అసలు సంగతి తెలిశాక నవ్వుకున్నాను. ఇంకొన్నాళ్లకి, పాట్టి నన్ను చూసి ఆ మాట ఎప్పుడూ అనలేదని కూడా తెలిసింది. అమ్మవైపు వాళ్లేమీ తక్కువ కాదు. "పిల్ల మంచి కలరు" అంటారు. రెండు భాషల్లోనూ కలర్ అంటే తెలుపొక్కటే. మిగతావి లెక్కలోకి రావు కాబోలు.

ఈసారి గోడపత్రికకి సినిమా మీద రాయాలనగానే "నీ ధనుష్ గురించి రాయవే" అని అందరూ నా వెంట పడ్డారు. నా ఫోన్ తెరమీద ఎవరి బొమ్మ ఉంటుందో సెకండియర్ మొత్తానికీ తెలుసు. 2023లో వచ్చిన ఆయన సినిమాని అప్పాతో తమిళంలో "వాత్తి"గా, అమ్మతో తెలుగులో "సార్"గా రెండుసార్లు చూసినదాన్ని. "పుల్లలా ఉంటాడు, నల్లగా ఉంటాడు, ఏముందే ఆయనలో" అని హాస్టల్ వాళ్లు ఏడిపిస్తే, "నాకు రంగుతో పని లేదు, నటన చాలు" అని గొప్పగా చెప్పేదాన్ని. చెప్పడమే కాదు, నమ్మాను కూడా. పోయినేడాది మన నాటకం దాకా.

గుర్తుందిగా? తిక్కన ఉద్యోగపర్వంలోంచి, రాయబారానికి బయల్దేరుతున్న కృష్ణుడికి ద్రౌపది తన జుట్టు చూపించి మాట్లాడే ఘట్టం. ద్రౌపదికి ఇద్దరు చదివారు. ఒకామెకి పద్యాలన్నీ నోటికి వచ్చు. ఆమె చదువుతుంటే వెనక బెంచీలో గుసగుసలు కూడా ఆగిపోయాయి. రెండో ఆమె మధ్యమధ్యలో ఆగి కాగితం చూసుకుంది. మేడమ్ "మీరే తేల్చుకోండి" అని మనకే వదిలేశారు. అప్పుడు ఎవరో "ఈమె అచ్చం పూజా హెగ్డేలా లేదూ!" అన్నారు. అంతే, తేలిపోయింది. చేతులు లేచాయి. నా చెయ్యి కూడా లేచింది.

ద్రౌపది వేసిన అమ్మాయిని నేనేమీ అనడం లేదు. ఆమె ఎవరినీ అడగలేదు, ఎత్తిన చేతులు మనవి. మొదటి ఆమెకి తెరవెనక పద్యాలు అందించే పని ఇచ్చాం. నాటకం రోజు ముందు వరసల్లో కూర్చున్నవాళ్లకి తెలియకపోవచ్చు. నేను తెర తాడు పట్టుకుని ఆమె పక్కనే నిలబడ్డాను. ద్రౌపది పద్యాల్లో సగం ముందు నా చెవిలో పడి, తర్వాత స్టేజీ మీదికి వెళ్లాయి.

ద్రౌపది అసలు పేరు కృష్ణ. నల్లనిది కాబట్టే ఆ పేరు. ఆ నెలలోనే క్లాసులో చెప్పారు, పరీక్షలో రెండు మార్కులకి రాశాం కూడా. మార్కులు వచ్చాయి. ఇక కృష్ణుడి సంగతి. ఆ వేషానికీ మనలో తెల్లగా ఉన్న పిల్లనే చూసి, ఆమె ముఖానికి పూయడానికి నీలం రంగు డబ్బా కొనుక్కొచ్చాం.

అప్పటినుంచి ధనుష్ సినిమా చూస్తుంటే నా కన్ను పక్కకి పోతోంది. రజనీకాంత్, విజయకాంత్, ధనుష్ - నల్లటి హీరోలకి మనం ఈలలు వేశాం. 2007లో వచ్చిన "శివాజీ"లో తెల్లబడటానికి రజనీ పడే పాట్లు ఒక పెద్ద కామెడీ. ఒక పాటలో ఆయన్ని కంప్యూటర్‌తో తెల్లగా మార్చి కూడా చూపించారు. హీరో నలుపు మీద నవ్వుకోవచ్చు, దానితోనే ఆయన్ని ప్రేమించొచ్చు. హీరోయిన్‌కి ఆ వీలు లేదు. పల్లెటూరి పిల్ల నల్లగా ఉండాలని కథకి అనిపిస్తే "రంగస్థలం"లో సమంతకి, "పుష్ప"లో రష్మికకి ముదురు రంగు మేకప్ వేస్తారు. నల్లపిల్ల వేషం కూడా నల్లపిల్ల దాకా రాదు.

ఐశ్వర్యా రాజేష్ తెలుగు నటుడు రాజేష్ కూతురు, మన చెన్నైలోనే పెరిగింది. రంగు వల్ల తనని ఎలా కాదన్నారో 2020లో ఒక ప్రసంగంలో తనే చెప్పింది. "కాక్కా ముట్టై"లో పాతికేళ్లకే ఇద్దరు పిల్లల తల్లిగా, మురికివాడ ఇల్లాలిగా చేసింది. ఎంత బాగా చేసిందో చూసినవాళ్లకి తెలుసు. మన తెలుగులో అంత పెద్ద హిట్, "సంక్రాంతికి వస్తున్నాం", ఆమెకి 2025లో గానీ రాలేదు.

సాయిపల్లవి ఉంది కదా అంటారు. 2015లో "ప్రేమమ్"లో మొటిమలతోనే కనిపించింది, ఫెయిర్‌నెస్ క్రీమ్ ప్రకటన వద్దంది. ఆమెంటే నాకూ ఇష్టమే. కానీ ఆమె తెల్లగానే ఉంటుంది. అంటే మనం మొటిమల దాకా ఒప్పుకున్నాం, అంతే. 1975లో వచ్చిన క్రీమ్ 2020లో పేరులోంచి "ఫెయిర్" అనే మాట తీసేసింది. ఇప్పుడు ఆ పని ఫోన్లు అడక్కుండానే చేసిపెడుతున్నాయి. నాటకం అయ్యాక తీసిన గ్రూప్ ఫొటోలో, తెరవెనక నిలబడ్డ అమ్మాయి తనని తాను చూసుకుని "ఇదెవరే?" అంది. బ్యూటీ మోడ్ ఆన్‌లో ఉండిపోయింది.

అప్పా వాళ్ల ఊరు తిరువణ్ణామలై వైపు. అక్కడ ద్రౌపది అమ్మన్ గుడి ఉంది. ఎండాకాలం తిరునాళ్లలో రాత్రంతా తెరుక్కూత్తు ఆడతారు. ద్రౌపది వేషం మగవాళ్లే కడతారు. తొమ్మిదో క్లాసులో ఉండగా చూశాను. నలభై దాటిన మనిషి, గడ్డం గీసిన చోట చెమటకి రంగు కారిపోతోంది. అయినా వస్త్రాపహరణం దగ్గర ఆడవాళ్లంతా ఏడ్చారు. ఈమె ద్రౌపదిలా లేదని ఒక్కరూ అనలేదు. గుడిలో అమ్మన్‌ది నల్లరాతి విగ్రహం. దాని ముందు చేతులు జోడించి కళ్లు మూసుకుని నిలబడ్డవాళ్లలో మా పాట్టి కూడా ఉంది. నల్ల కలర్ పాట్టే.

ఈ ఏడాది నాటకానికి పేర్లు ఇవ్వమని నోటీసు పెట్టారు, ఈ గోడకే, నా వ్యాసం పక్కనే. మేడమ్‌కి ఒక విన్నపం. చదివేవాళ్లని తెరవెనక నిలబెట్టి చదివించండి. విని చేతులెత్తుతాం, ఆ తర్వాత తెర తీద్దాం. పోయినసారి తెర తాడు పట్టింది నేనే కాబట్టి ఈసారీ ఆ పని నాకే ఇవ్వండి.

ఇదంతా ఆ అమ్మాయిని అడిగే రాశాను. "రాసుకో, కానీ పాపం అని మాత్రం రాయకు" అంది. మరి ఈసారి ద్రౌపదికి పేరిస్తావా అన్నాను.

"ద్రౌపదికి కాదు, కృష్ణుడికి ఇస్తాను. నీలం రంగు డబ్బా ఖర్చు మిగులుతుంది" అంది.